వంతు ప్రకారం పొగడ్త

ముందే ఒప్పేసుకుంటాను, తరువాత మాట రాకుండా ఉంటుంది. నేను కోతలరాయుణ్ణి. పిల్లిని చూస్తే పులి అని చెబుతాను. నిజంగా పులి కనిపిస్తే ఏమీ చెప్పను, చెప్పడానికి అక్కడ ఉండను. మా ఇంట్లో నా మాటను నాలుగో వంతుకు కోసుకుని వింటారు. కారం మండి కళ్ళనీళ్ళు పెట్టుకున్నా "కాస్త ఘాటుగా ఉన్నట్టుంది" అనుకుని ఊరుకుంటారు. మీరూ అలాగే కోసుకుని చదవండి. ఒక్క భయాన్ని మాత్రం కోయకండి. దాన్ని ఇప్పటికే తగ్గించి రాశాను.

టైపు మిషను ముందు నుంచి లేచి ఏడాదైంది. నాకంటే ముందు నా కళ్ళు రిటైరయ్యాయి. ఇంకా నడివయసే, ఇంట్లోవాళ్ళు ఒప్పుకోకపోయినా. మా సైనిక్‌పురి కుర్రాళ్ళు ఉద్యోగాల దరఖాస్తులు పట్టుకుని ఇంగ్లీషు దిద్దించుకోవడానికి వస్తుంటారు. మొన్న ఒకడు 'ఐ ఎంబడీ హార్డ్ వర్క్' అని రాసుకొచ్చాడు. కష్టపడే తత్వం తనలో మూర్తీభవించిందట. అప్పుడే నిద్ర లేచి వచ్చాడు, టైము మధ్యాహ్నం పన్నెండున్నర. ఇంకెప్పుడైనా అయితే వాణ్ణి వారం రోజులు ఏడిపించేవాణ్ణి. ఆ రోజు నవ్వు రాలేదు. ఆ 'ఎంబడీ' అనే క్రియ ఒకప్పుడు ఒక మనిషి మెడ మీదికి వచ్చింది. తెచ్చినవాణ్ణి నేనే.

పోలీసు చర్య జరిగిన ఏడు. నాకు పాతికేళ్ళు లేవు. రెజిమెంటల్ బజారులో ఒక ఇరుకు కొట్లో పని. కొట్టు ఎంత ఇరుకంటే, నేను తుమ్మాలంటే మా యజమాని బయటికి వెళ్ళేవాడు. ఆయన ఒకప్పుడు తెల్లవాళ్ళ రెజిమెంటు ఆఫీసులో హెడ్ గుమాస్తా. అందరూ పెద్దసారు అనేవారు. మా సరుకు చిట్టీలు. దొరల బంగళాల్లో వంటవాడు, ధోబీ, తోటపని మాలీ, గుర్రాల సాయిసు, ఎవరు పని మానినా దొర ఒక కాగితం మీద వాళ్ళ గుణగణాలు రాసి ఇచ్చేవాడు. ఆ చిట్టీ చూపిస్తేనే మరో బంగళాలో పని. చిట్టీ ఉన్నవాడికి అది చదవడం రాదు, అయినా ప్రాణంలా దాచుకునేవాడు. అవి నలిగి చిరిగితే మేము కొత్త కాగితం మీదికి ఎక్కించేవాళ్ళం. దొరలు ఓడలెక్కి వెళ్ళిపోయే రోజుల్లో వాళ్ళకు రాసే తీరిక కూడా లేకపోయింది. ఖాళీ కాగితం అడుగున సంతకం పెట్టి "మంచిగా ఏదో రాయించుకో" అని పంపేవాళ్ళు. ఆ ఏదో రాసేవాణ్ణి నేను.

నా మిషను వెనక మేకుకు ఒక అట్ట వేలాడేది. దాని మీద పెద్దసారు గుండ్రటి అక్షరాలతో రాసిన ఐదు మాటలు, పక్కన గుచ్చిన ఒక గుండుసూది. చేరిన మొదటి రోజే ఆయన నాకు పాఠం చెప్పాడు, అట్ట మీది వరసలో కాదు, తేలికైనవి ముందు.

"ఎగ్జెంప్లిఫై అంటే బడిల పంతులు, వీన్ని జూసి నేర్చుకోండ్రా అంటడు సూడు, వాడన్నట్టు. టిపిఫై అంటే బస్తాల చెయ్యి పెట్టి ఒక్క గింజ తీస్తే బస్తంతా తెల్సినట్టు. ఎపిటమైజ్ అంటే అత్తరు. బండెడు పూలు చిన్న సీసల దిగినట్టు. పర్సానిఫై అంటే గుణానికే కాళ్ళు చేతులు మొలిచి బజార్ల నడుస్తున్నట్టు."

"మరి ఎంబడీ సార్?"

పెద్దసారు ముక్కుపొడుం పీల్చాడు. "గుణం వచ్చి మనిషి ఒంట్ల కాపురం పెట్టినట్టు. గిది జెర పైలం బిడ్డా. గుణాన్ని కొట్టాల్నంటే ఇగ ఆ మనిషినే కొట్టాలె."

ఇంత తెలిసిన మనిషి ఆ మాటల్ని ఎలా వాడించాడో వినండి. వంతు ప్రకారం! ఒకే బంగళా నుంచి ధోబీ, మాలీ, వంటవాడు ముగ్గురూ వస్తే ముగ్గురికీ ఒకే మాట పడకూడదు. దొరసానులు టీ తాగుతూ చిట్టీలు పక్కపక్కన పెట్టి చూస్తే కొట్టు గుట్టు బయటపడుతుంది. అందుకని ఒక చిట్టీ కొట్టగానే సూదిని కింది మాటకు దించాలి. ఐదూ అయ్యాక మళ్ళీ పైకి. వచ్చినవాడు ఎలాంటివాడన్నది ఎవరూ అడగరు. సూది ఎక్కడుంటే వాడు అది. మంచి మాటలే కదా, ఎవరికి ఏది పడితే ఏం అనుకునేవాణ్ణి.

మా ఖాతాదారుల్లో దొరల వంట చేసే ఒక ఖాన్‌సామా ఉండేవాడు. తాటిచెట్టంత పొడవు, దారంత సన్నం, ఆకంత వణుకు. నాకంటే ముప్పై ఏళ్ళు పెద్ద. నేను చాచా అనేవాణ్ణి, ఆయన నన్ను మున్షీసాబ్ అనేవాడు. ఒక రేకు గొట్టంలో చిట్టీలన్నీ చుట్టి భుజానికి తగిలించుకుని తిరిగేవాడు. ఒకసారి వాటన్నిటినీ కొత్త కాగితాల మీదికి ఎక్కించమని తెచ్చాడు. అన్నీ మామూలువే. ఒక్కటి మాత్రం చదువుతూ చదువుతూ మిషను మీద తల పెట్టి నవ్వాను. చాచా ఆరేళ్ళు వంట చేసిపెట్టిన ఒక కర్నల్ దొర తన చేత్తో రాసింది. అందులో ఏముందో తరువాత చెబుతాను.

"ఏందీ మున్షీసాబ్, గంత ఖుషీ?"

నేను మొహం గంభీరంగా పెట్టాను. "చాచా, ఇది కొట్టి పాడుచేసే కాగితం కాదు. ఇలాంటిది సికింద్రాబాదులో ఇంకొకరి దగ్గర ఉండదు. ఉన్నది ఉన్నట్టు దాచుకోండి."

మర్నాడు వచ్చి చూపించాడు. ఆ కాగితాన్ని భార్య పెళ్ళినాటి ఆకుపచ్చ పట్టుముక్కలో చుట్టి గొట్టం మధ్యలో పెట్టుకున్నాడు. నేను పెద్దసారు వైపు చూసి కన్నుగీటాను. ఆయన గీటలేదు.

దొరలు వెళ్ళాక చాచాకు ఒక నవాబుగారి బంగళాలో పని దొరికింది. మూడు నెలలు చేశాడు. ఊళ్ళో రజాకార్ల కవాతులు జోరుగా సాగుతున్న కాలం. ఆ నవాబు వాళ్ళకు లారీలు ఇస్తున్నాడని గుసగుస. బంగళాలోకి తుపాకులు వచ్చిపోతుంటే చాచాకు చేతులు వణికి పింగాణీ నిలవలేదు. నవాబు ఖాళీ కాగితం మీద సంతకం గీకి బయటికి పంపాడు. కాగితం పైన రెండు కత్తుల ముద్ర, బంగారు రంగు. కత్తులు చూడగానే నా బుర్రలో డోళ్ళు మోగాయి. అట్ట వైపు చూశాను. సూది ఎంబడీ దగ్గర ఉంది. 'ఈ కొలువు శౌర్యమూ, విధేయతా ఇతనిలో మూర్తీభవించాయి' అని టకటకా కొట్టిపారేశాను. నా ఇంగ్లీషుకు నేనే మురిసిపోయాను. సూదిని కిందికి దించాను. తరువాత వచ్చిన మాలీకి పర్సానిఫై పడింది.

సెప్టెంబరు వచ్చింది. ఆ రోజుల్ని పెంచి చెప్పడానికి ఇప్పుడు కూడా నాకు నోరు రాదు. ఆకాశంలో విమానం చప్పుడైతే బజారంతా ఒకేసారి ఊపిరి బిగబట్టేది. కొట్టు మూసి ఐదు రోజులు ఇంట్లో తలుపుకు బండరాయి అడ్డంపెట్టి కూర్చున్నాను. తరువాత మిలిటరీ ఊళ్ళోకి వచ్చింది. నవాబును పట్టుకుపోయారు. ఆయన మనుషుల కోసం వెతుకులాట మొదలైంది. ఎవరు ఎవరి గురించి ఏం చెబుతారో తెలియదు. పలకరిస్తే మనుషులు ఉలిక్కిపడేవారు. బురఖా వేసుకున్న ఆడవాళ్ళు గోడల వెంట నీడల్లా నడిచేవారు.

కొట్టు మళ్ళీ తెరిచిన రెండో రోజు పొద్దున్నే చాచా భార్య వచ్చింది. అరుగు ఎక్కలేదు, కిందనే నిలబడింది.

"మున్షీసాబ్, మా ఆయనను పట్కపోయిండ్రు. కొత్త ఆఫీసర్ల కాడ వంట పని దొర్కుతదేమోనని డబ్బ ఏస్కొని తనంతట తనే పోయిండు. గాడ కాయితాలన్ని సూసిండ్రు. రెండు కత్తుల కాయితం సూసి కూసోబెట్టిండ్రు. మూడొద్దులాయె."

"అందులో తప్పేమీ రాయలేదమ్మా..."

"ఏం రాసినవో నాకెర్క లేదు. నవాబు కాడ ఈయనే పెద్ద బహదూరని ఉన్నదంట. బహదూర్! పిల్లి అడ్డమొస్తే ఇంట్లకు ఉర్కొచ్చే మనిషి." కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకున్నాను. కాదు, కోపం. "నువ్వు రాసినవ్. నువ్వే పోయి చెప్పు. రేపు వాళ్ళను లారీలెక్కించి ఎటో పంపుతరంట."

ఆమె వెళ్ళాక నేను పెద్దసారును చూడకుండా మిషనుకు నూనె వేయడం మొదలుపెట్టాను. డబ్బా నూనె వేశాను. ఆ మిషను నెలరోజులు అక్షరాలకు బదులు చుక్కలు కొట్టింది.

"పోతే ఏమైతదో ఎర్కనా?" అన్నాడు పెద్దసారు చివరికి.

"కొట్టు మూసేస్తారు సార్. నన్ను కూడా లోపల వేస్తారు. సంతకాల మీద మనమే రాసుకున్నామని తెలిస్తే..."

"పోకపోతే?"

ఆయన లేచాడు. మేకు మీది అట్ట తీసి, ధూళి ఊది, సూది అలాగే ఉంచి నా చేతిలో పెట్టాడు. కార్బను నకళ్ళ కట్ట కూడా ఇచ్చాడు. "దుకాణం పోతె పోనియ్. ఈ వంతుల ఇకమతు నాది. అడిగితే నా పేరు సుత చెప్పు." అట్ట అందుకోవడానికి నాకు రెండు చేతులూ కావాల్సి వచ్చింది.

ఆ మిలిటరీ ఆఫీసు కవాతు మైదానం పక్కన ఒక పాత బారకులో పెట్టారు. మా కొట్టు నుంచి నడిస్తే పావుగంట. నాకు పది మైళ్ళయింది. దారిలో మూడుసార్లు వెనక్కి తిరిగాను, నాలుగుసార్లు ముందుకు. ఆ ఒక్క లెక్క తేడాతోనే అక్కడికి చేరాను. గేటు దగ్గర సిపాయి "క్యా కామ్?" అంటే నాకు ఏ భాషా రాలేదు. అట్ట చూపించాను. వాడు దాన్ని తిరగేసి, బోర్లేసి చూసి, పిచ్చివాణ్ణనుకుని లోపలికి తీసుకుపోయాడు.

మేజరుగారు మద్రాసు వైపు మనిషి. బెజవాడ తెలుగు. ఆ తెలుగు వినగానే ప్రాణం లేచి వచ్చింది, ఆ మొహం చూడగానే మళ్ళీ పోయింది. గోడ పక్కన బల్ల మీద చాచా కూర్చుని ఉన్నాడు. మూడు రోజుల్లో ఇంకా పొడవయ్యాడు, ఇంకా సన్నబడ్డాడు. నన్ను చూసి లేవబోయి, సిపాయిని చూసి కూర్చున్నాడు. మేజరు బల్ల మీద రేకు గొట్టం, పక్కన రెండు కత్తుల కాగితం.

"ఏమయ్యా, ఇది నువ్వు రాశావా?"

"నేనే సార్."

"నవాబు చెబితేనా?"

"నవాబుగారు సంతకం పెట్టారు సార్. మిగతాది సూది చెప్పింది."

ఆయన పెన్ను కింద పెట్టాడు. నాకు మొత్తం చెప్పక తప్పలేదు. అట్ట ముందుంచి, నకళ్ళు వరసగా పరిచాను. ఇదిగో సార్, ముందు ధోబీ, టిపిఫైస్. అతని వెనక ఖాన్‌సామా, ఎంబడీస్. ఆ వెనక మాలీ, పర్సానిఫైస్. అచ్చు ఒకటే సార్, వంతును బట్టి మాటా, గుణమూ మారాయి. అతను వచ్చినప్పుడు సూది అక్కడుంది, అంతే.

"అంటే, ఈయన కాసేపు ముందు వచ్చి ఉంటే?"

"శుభ్రతకు నమూనా అయ్యేవాడు సార్. ధోబీ శూరుడయ్యేవాడు."

మేజరు ధోబీ నకలు చేతిలోకి తీసుకుని పేరు చూశాడు. నెమ్మదిగా తన కాలరు కేసి చూసుకున్నాడు. ఆ ధోబీకి అక్కడే, ఆ చిట్టీతోనే పని దొరికిందని నాకు అప్పుడు అర్థమైంది. భూమి చీలితే బాగుండుననిపించింది. చీలలేదు. ఆ బారకు తెల్లవాళ్ళు కట్టింది, గట్టిది.

"బాగుంది," అన్నాడు ఆయన. గొంతులో నవ్వు లేదు. "నీ మాట ప్రకారం నువ్వు రాసిందంతా అబద్ధం. మరి ఇప్పుడు చెప్పేది మాత్రం నిజమని ఎలా నమ్మాలి? ఆ అట్ట పక్కన పెట్టు. ఈ మనిషి ఎలాంటివాడు? నీకు తెలిసింది చెప్పు."

ఐదేళ్ళుగా ఎరిగిన మనిషి. ఆయన గురించి కాగితాలు కొట్టాను. ఆయన ఏ ఊరివాడో తెలియదు, పిల్లలున్నారో లేదో తెలియదు. నా దగ్గర ఐదు మాటలున్నాయి, ఆయన గురించి ఒక్క ముక్క లేదు. అంత భయం నేను అంతకుముందు ఎరగను. మోకాళ్ళు కొట్టుకునే చప్పుడుకు సిపాయి తలుపు వైపు చూశాడు, ఎవరు తడుతున్నారోనని.

"సార్," అన్నాను, "ఆ గొట్టంలో ఆకుపచ్చ పట్టుగుడ్డలో ఒక కాగితం ఉంటుంది. అది నేను రాయలేదు."

మేజరు గొట్టం విప్పి, పట్టుముక్క తీశాడు. అది చూడగానే చాచా మొహం వెలిగింది. తన గొప్ప కాగితం ఇన్నాళ్ళకు చదివేవాడి చేతిలో పడింది! సిపాయి ఉన్నాడన్న సంగతి మరిచి లేచి నిలబడ్డాడు. పాదాలు దగ్గరికి చేర్చి, గడ్డం పైకెత్తి, కర్నల్ దొరకు పెట్టినట్టు సెల్యూట్ పెట్టాడు. మేజరు పైకే చదివాడు, ఇంగ్లీషులో. తెలుగులో ఇలా ఉంటుంది:

'ఇతను ఆరేళ్ళు నాకు వండాడు. ఇతని సూపు తాగడం ఒక శిక్ష. దొంగతనం చేయడు, చేసేంత గుండె లేదు. అబద్ధం చెప్పడు, చెప్పబోతే చేతులు వణికి పళ్ళేలు పగులుతాయి. ఉరుముకు, నా భార్యకు, నా కుక్కకు భయపడతాడు. ఉరుము సంగతి తెలియదు గానీ నా కుక్కకు పళ్ళు లేవు. ఇతన్ని పనిలో పెట్టుకునేవారికి ఒక మాట: అల్మారాకు తాళం అక్కర్లేదు.'

మేజరు పెదవి బిగబట్టాడు. పక్క గదిలోని గుమాస్తా బిగబట్టలేకపోయాడు. తరువాత మేజరు కూడా. నవ్వు బారకంతా పాకింది. ఆ నవ్వు మధ్య చాచా సెల్యూట్ దించకుండా, కళ్ళు చెమ్మగిల్లి, నిటారుగా నిలబడ్డాడు. నవ్వనివాళ్ళం ఇద్దరమే, ఆయనా, నేనూ.

మేజరు కత్తుల కాగితం నాలుగు ముక్కలు చేశాడు. మనిషి తెలియకుండా రాశానని నా చేత ఒక కాగితం రాయించుకున్నాడు, అట్ట తన దగ్గరే ఉంచుకున్నాడు. "ఇంకొకసారి మూర్తీభవించాడని రాశావో, నిన్నే ఆ బల్ల మీద కూర్చోబెడతాను. పట్టుకుపో మీ చాచాను."

బయటికి వచ్చాం. బజారు మలుపు దాకా నడిచాం. అప్పుడు ఆయన అడిగాడు: "మున్షీసాబ్, సాబ్ గంత నవ్విండు గదా. కర్నల్ సాబ్ గా కాయితంల ఏం రాసిండు?" నేను ఉన్నదున్నట్టు చెప్పేశాను, సూపుతో సహా. క్షమించమన్నాను. చాచా నిలబడిపోయాడు, ఆ తరువాత పగలబడి నవ్వాడు. "సచ్ బాత్! కుక్కంటే భయమే, మెమ్‌సాబంటే ఇంకా భయం!" అని నా వీపు మీద చరిచాడు. ఇద్దరం నవ్వుకుంటూ ఇల్లు చేరాం.

పెద్దసారు మేకు పీకేశాడు. అప్పటి నుంచి వచ్చినవాణ్ణి కూర్చోబెట్టి, ఏం చేస్తావు, ఏం చేయలేవు అని అడిగి రాసేవాళ్ళం. మా చిట్టీలు పొట్టివైపోయాయి. బాబూ, దరఖాస్తు తెచ్చిన అబ్బాయీ, నీలో ఏ గుణం కాపురముంటోందో రాయకు. పొద్దున ఎన్నింటికి లేస్తావో రాయి.

ఇక నేను కల్పించింది ఏదో చెప్పే వేళయింది. మేజరు కాలరు చూసుకోవడం నిజం. సెల్యూట్ నిజం. నా మోకాళ్ళ చప్పుడు కొంత నిజం. కల్పించింది ఒక్కటే, బజారు మలుపు దగ్గర నేను నిజం చెప్పడం.

ఆయన అడగడం వరకు జరిగింది. నేను ఆ మొహం చూశాను. మేజరు ముందు కంటే అక్కడ ఎక్కువ భయమేసింది. "మీరు ధైర్యానికి నిలువెత్తు రూపమని రాశాడు చాచా," అన్నాను.

"గిట్లనా!" అన్నాడు. ఆ గుడ్డముక్కను మెల్లగా మడిచి గొట్టంలో పెట్టుకున్నాడు. వీపు నిటారయింది. వాళ్ళ వీధి వచ్చేదాకా నా కంటే ముందు నడిచాడు.

తరువాత చాలా ఏళ్ళు ఆ కాగితమే చూపించి పని అడిగాడు. చదివిన ప్రతివాడూ నవ్వేవాడు, ప్రతివాడూ పనిచ్చేవాడు. "గా కాయితం సూడంగనే అందరు ఖుష్ అయితరు మున్షీసాబ్," అని వచ్చి చెప్పేవాడు. ఆయన పోయాక భార్య చెప్పింది, చేసిన ఏ ఇంట్లోనూ ఆయన ముందు అల్మారాకు తాళం వేయలేదట. ఎందుకో ఆయనకు చివరిదాకా తెలియదట.

మిగతాదంతా దాచినా సరే, ఆ ఒక్క వాక్యం ఆయనకు చదివి వినిపించవలసింది.